మాలకొండయ్యల ఫైలు

ఆత్మకూరు బస్టాండుకు ఎదురుగా, చెప్పుల షాపు మేడ మీద, సురేంద్రబాబు గారి కంప్యూటర్ సెంటర్ ఉంది. బోర్డు మీద మాత్రం సాఫ్ట్‌వేర్ సొల్యూషన్స్ అని ఉంటుంది. లోపల జరిగే సాఫ్ట్‌వేర్ ఏమిటంటే ఆధార్ కార్డుల జిరాక్సు, హాల్ టికెట్ల ప్రింటు, టెన్త్ మెమోల లామినేషను. సురేంద్రబాబు గారు బెంగళూరులో ఆరు నెలలు ఏదో కోర్సు చేసి వచ్చారు. ఆ ఆరు నెలల్లో ప్రోగ్రామింగ్ ఎంత వచ్చిందో తెలీదు గానీ, ఏసీ లేకపోతే బుర్ర పనిచెయ్యని జబ్బు మాత్రం గట్టిగా పట్టుకుంది.

అక్కడ నిజంగా పనిచేసే మనిషి లిఖిత. ఆమెది ఉదయగిరి. నాయన మల్లికార్జున అనంతసాగరం వైపు షేర్ ఆటో తిప్పుతాడు. ఇంట్లో గొర్రెల మందను చూసుకునేది అవ్వ పిచ్చమ్మ. లిఖిత బీయస్సీ కంప్యూటర్స్ ఫస్ట్ క్లాసులో పాసై, రోజూ పొద్దున్నే బస్సెక్కి ఆత్మకూరు వచ్చి, సురేంద్రబాబు గారు చేశానని చెప్పుకోడానికి కావలసిన పనులన్నీ చేసిపెట్టి సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. ఆమె ఉద్యోగం పేరు అసిస్టెంట్. ఎవరికి అసిస్టెంటో అడక్కూడదు.

ఆ సోమవారం సురేంద్రబాబు గారి మేనమామ శ్రీకృష్ణ ఒక సీడీ పట్టుకుని మేడెక్కాడు. ఆయన ఉదయగిరి గొర్రెల పెంపకందారుల సంఘానికి గౌరవ సలహాదారు. గొర్రెతో ఆయనకున్న సంబంధం ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర మాత్రమే. అయినా సంఘం అన్నాక సలహా అవసరం, సలహా అన్నాక పెద్దింటి మనిషి అవసరం కదా.

సంఘం చేతిలో కొండ కింద పెద్ద మేతబీడు ఉంది. ఎండాకాలం ఊళ్ళో ఎక్కడా గడ్డిపరక కనిపించని రోజుల్లో మందలను బతికించేది ఆ బీడే. సభ్యుల జాబితాలో పేరున్న వాళ్ళ మందలకే లోపలికి దారి. ఇప్పుడా జాబితాను ప్రభుత్వం వారి కొత్త పోర్టల్లోకి ఎక్కించాలి. శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకు పోర్టల్ మూస్తారు. అప్పటికి పేరు ఎక్కని మనిషికి సభ్యత్వం లేదు, ఆ మందకు బీడూ లేదు.

"రెండు వేల ఆరులో టైపు కొట్టించిన జాబితా అల్లుడూ. ఆరు వందల యాభై నాలుగు పేర్లు. నీకు పది నిమిషాల పని" అన్నాడు మామ.

"అయిదు చాలు మామా" అన్నారు సురేంద్రబాబు గారు, ఏసీ పద్దెనిమిదికి తగ్గిస్తూ.

ఫైలు తెరిస్తే ఒక్క తెలుగు ముక్క లేదు. తోకలూ, టోపీలూ, పౌండ్ గుర్తులూ బారులు తీరి ఉన్నాయి. తెర మీద కనిపించిన మేరకు అంకెలూ, కామాలూ తప్ప చదవగలిగింది ఏదీ లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. కంప్యూటర్ ఫైల్లో అక్షరాలుండవు. సున్నా నుంచి రెండు వందల యాభై అయిదు వరకూ సంఖ్యలుంటాయి, అంతే. వాటిని బైట్లంటారు. ఏ సంఖ్య ఏ అక్షరమో ఒక ఒప్పందం ఉంటేనే బైట్లు మాటలవుతాయి. ఇప్పటి ఫైళ్ళకు ప్రపంచమంతా కలిసి ఒక ఒప్పందం చేసుకుంది. రెండు వేల ఆరులో ఆత్మకూరులోని డీటీపీ షాపుకు ప్రపంచంతో పని లేదు. ఆ షాపు ఒప్పందం ఆ షాపుదే.

సురేంద్రబాబు గారు ఇంత దూరం ఆలోచించలేదు. ఫైల్లోని బైట్లను ఇప్పటి ఒప్పందం ప్రకారం మాటలుగా మార్చమని ప్రోగ్రామ్ రాశారు. అది మొదటి పేరు దగ్గరే ఆగిపోయి, ఈ బైటు నాకు తెలీదని ఎర్రగా రాసి చూపించింది. ప్రోగ్రామ్ తనకు తెలీదని ఒప్పుకోవడం ఆయనకు నచ్చలేదు. తమ ఇంట్లో అలాంటి అలవాటు లేదు. ఇంటర్నెట్లో వెతికి, ఎర్రర్లు వస్తే ఇగ్నోర్ అనే మాటను చేర్చారు. అంటే తెలీని బైటు ఎదురైతే ఆగవద్దు, చెప్పవద్దు, పారేసి ముందుకు పో అని. అప్పుడు పేర్ల చోట్లన్నీ ఖాళీ అయ్యాయి. పేరు ఖాళీగా ఉన్న వరసను తీసెయ్యమని ఇంకో లైను రాశారు. ప్రోగ్రామ్ ఈసారి ఎదురుమాట లేకుండా పనంతా ముగించింది.

"చూసినావా, ఎంత స్మూత్‌గా పొయ్యిందో" అన్నారు.

లిఖిత చూసింది. ఆరు వందల యాభై నాలుగులో నలభై మూడు పేర్లు మిగిలాయి.

"సార్, ఆరు వందల పదకొండు మంది పోయినారు."

"డూప్లికేట్లు అయ్యుంటాయిలే. మీ ఊళ్ళో అందరూ మాలకొండయ్యలే గదా. పేర్లకు గూడా కరువొచ్చిన ఊరు."

మిగిలిన నలభై మూడు పేర్లను లిఖిత చదివింది. అవి తర్వాత ఎప్పుడో, గొర్రెలకు సబ్సిడీ పథకం వచ్చిన ఏడాది, ఇంగ్లీషులో చేర్చిన పేర్లు. ఇంగ్లీషు బైట్లు ఏ ఒప్పందంలోనైనా ఒకటే కాబట్టి వాటికి ఏమీ కాలేదు. మొదటి పేరు శ్రీకృష్ణది. తర్వాత ఆయన తమ్ముళ్ళు, బావలు, నెల్లూరులో కాపురమున్న కూతుళ్ళు. గొర్రెల పెంపకందారుల సంఘంలోంచి గొర్రెలున్న వాళ్ళందరినీ తీసేసి, లేనివాళ్ళను మాత్రం ఒక్కరిని కూడా పోగొట్టకుండా కాపాడింది ఆ ప్రోగ్రామ్. ఎంత తెలివైన వాడైనా కావాలని రాస్తే ఇంత బాగా కుదరదు.

"సార్, మా అవ్వ పేరు గూడా లేదు."

"అర్థం కాని బైట్ల కోసం టైం వేస్టు చెయ్యగూడదు లిఖితా. ఇగ్నోర్ కొట్టాల. లైఫ్‌లో గూడా అంతే" అని, ఆ జాబితాను సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు.

మర్నాడు లిఖితతో పాటు పిచ్చమ్మ కూడా బస్సెక్కింది. వద్దంటే వినే మనిషి కాదు. మెట్లెక్కి, చెప్పులు గుమ్మం బయట విడిచి, ఏసీ చలికి కొంగు భుజాల మీదికి లాక్కుని, సురేంద్రబాబు గారి ఎదుట నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు గనక తనే ఒక కుర్చీ చూసుకుని కూర్చుంది.

"నా పేరు లేదంట గదా నాయనా. ఎందుకు తీసేసినారు?"

"మేం తీలేదవ్వా. కంప్యూటరుకు మీ పేర్లు అర్థం కాలేదు."

"అర్థం కాకపోతే అడగాల గదా. నాకు నోరుండాది. ఊరుండాది. ఒక్క మాట అడిగుంటే చెప్పేదాన్ని గదా."

సురేంద్రబాబు గారు నవ్వారు. కంప్యూటరు మనుషుల్ని అడగదని, వచ్చే ఏడాది అప్పీలు పెట్టుకోవచ్చని చెప్పారు. వచ్చే ఏడాదికి గొర్రెలు ఏం తిని ఉంటాయో ఆయన చెప్పలేదు.

"బీడు మూసేస్తే నా ఇరవై ఎనిమిదిటినీ కొండాపురం సంతకు తోలాల్సిందే" అంది పిచ్చమ్మ. కోపంగా కూడా అనలేదు. ఆ మాటకు లిఖితకు కోపమొచ్చింది. అవ్వ మీద కాదు, ఆయన మీద కూడా కాదు. నిన్న సాయంత్రం ఆ జాబితా గ్రూపులోకి వెళుతుంటే చూస్తూ నోరు మూసుకుని నిలబడిన తన మీదే మండింది.

"సార్, ఆ ఫైలు నాకియ్యండి. శుక్రవారం లోపల నేను మారుస్తా."

"నా వల్ల కానిది నీ వల్ల అవతాదా? సరే, తీసుకో. ఆఫీసు పని మాత్రం ఆగగూడదు."

ఆ జాబితా టైపు కొట్టింది డేవిడ్‌రాజు. ఆయన షాపు ఇప్పుడు చికెన్ పకోడీ బండి అయింది. గిరాకీ బాగుంది. లిఖిత వెళ్ళి పాత ఫాంటు గురించి అడిగితే, గరిటె పక్కన పెట్టి, చాలా కాలానికి చుట్టం పేరు విన్నవాడిలా మొహం పెట్టాడు.

"ఆ ఫాంటు మా బావమరిది చేసినాడమ్మా. బయట దొరికేదానికి దుడ్లు పెట్టలేక, వాడే ఒక్కో అక్షరం గీసి, తోచిన నంబరు కాడ పెట్టుకున్నాడు. యే అక్షరం యాడుండాదో వాడికే తెలుసు."

"ఆయన యాడుండాడన్నా?"

"పోయినాడు. కంప్యూటరు గూడా పాత ఇనుముకు పోయింది."

పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. అంతకు మించి ఆయన చెయ్యగలిగింది లేదు.

బుధవారం లిఖిత సెలవు పెట్టి, ఇంటి అరుగు మీద ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. పేర్లను వదిలేసి సంఖ్యలనే చూసింది. ఆరు సంఖ్యలున్న ఒక వరస పదే పదే కనిపించింది. లెక్క కట్టిస్తే నూట ముప్పై ఏడు సార్లు వచ్చింది. అదే వరస, చివరి సంఖ్య ఒక్కటి మారి, ఇంకో అరవై సార్లు వచ్చింది.

ఉదయగిరి చుట్టుపక్కల నూట ముప్పై ఏడు మందికి ఉండే పేరు ఏమిటి? దీనికి బీయస్సీ అక్కర్లేదు. మాలకొండ స్వామికి మొక్కుకుని పుట్టిన వాళ్ళంతా మాలకొండయ్యలు, ఆడపిల్లలైతే మాలకొండమ్మలు. బళ్ళో అయ్యవారు వాళ్ళకు నంబర్లు పెట్టి హాజరు పిలిచేవాడు. బ్యాంకులో, ఆసుపత్రిలో, ఎమ్మార్వో ఆఫీసులో ప్రతి గుమాస్తా నవ్విన పేరది. మా, ల, కొ, సున్నా, డ, య్య. సరిగ్గా ఆరు ముక్కలు. చివరి ముక్క మారితే మ్మ.

లిఖిత ఏడు సంఖ్యలకూ ఏడు ముక్కలు రాసుకుంది. తర్వాత ఎక్కువగా వచ్చింది అయిదు సంఖ్యల వరస. అందులో రెండోది సున్నాకు దొరికిన సంఖ్యే, నాలుగోది ల, చివరిది య్య. మాలకొండయ్యల తర్వాత ఆ ఊళ్ళలో ఎవరెక్కువ? పెంచలకోన స్వామి పేరు పెట్టుకున్న పెంచలయ్యలు. పె, చ కూడా దొరికాయి. పేర్లకు కరువొచ్చిన ఊరు కావడం వల్లే ఇదంతా దొరికింది. ఊరందరికీ అందమైన కొత్త కొత్త పేర్లుండి ఉంటే ఆ ఫైలు ఎప్పటికీ తెరుచుకునేది కాదు.

కానీ మధ్యాహ్నానికి బండి ఆగిపోయింది. అరుదైన పేర్లలోని ముక్కలు మిగిలాయి. ఒక్కోటి రెండు మూడు చోట్లే వచ్చింది. ఊహించి రాస్తే ఇంకొకరి పేరు అవుతుంది. లిఖిత జుట్టు పీక్కుంటుంటే, పిచ్చమ్మ సంగటి గిన్నె తెచ్చి పక్కన పెట్టింది.

"ఏందే పాపా, మళ్ళీ అర్థం కాలేదంటాందా?"

"ఇంకా సగం పేర్లు తెలీలేదవ్వా."

"నన్నడుగు."

"నీకు సదవను రాదు గదా అవ్వా."

"సదివేదేంది? వెంగయ్య ఆ జాబితా రాసేటప్పుడు నేను ఆడనే ఉంటి. మూడు దినాలు కొండదారిలో బండ మీద కూచోని రాసినాడు. మందలు ఎట్టా పైకి పోతే అట్టా, వచ్చిన వరసన రాసినాడు. ఆ వరస నాకు తెలీదా?"

వెంగయ్య అప్పటి సంఘం గుమాస్తా, ఆయన రాసిన వరసనే డేవిడ్‌రాజు టైపు కొట్టాడు. ఇల్లిల్లూ తిరగడం బద్ధకమై బండ మీద కూర్చుని ఉంటాడు. ఆ బద్ధకానికి లిఖిత మనసులోనే దండం పెట్టింది.

పిచ్చమ్మ కళ్ళు సగం మూసి, తెల్లవారుజామున దారి పక్కన నిలబడి చూస్తున్నట్టుగా మొదలుపెట్టింది.

"మొట్టమొదట పెంచలనరసయ్య. డెబ్బై. ఆయనకు తొందరెక్కువ. ఆయన యెనక కొండలయ్య, నలభై రెండు. ఆ యెనక ఇద్దరు మాలకొండయ్యలు, అన్నదమ్ముల బిడ్డలు. ఒకడిది ముప్పై, ఒకడిది యాభై అయిదు."

ఫైల్లో ప్రతి పేరు పక్కనా మందలో గొర్రెలెన్నో అంకెల్లో ఉంది, అంకెలకు ఏమీ కాలేదు గదా. లిఖిత తెర మీద చూసింది. డెబ్బై. నలభై రెండు. ముప్పై. యాభై అయిదు.

"అవ్వా! ఇరవై యేండ్ల నాటి లెక్క నీకెట్టా గ్యాపకముండాది?"

"ఎవురి మంద ఎంతో తెలీకపోతే, కలిసిపోయినప్పుడు ఎట్టా యిడదీస్తాం?"

ఆమెకు అదొక గొప్ప విషయమని కూడా తెలీదు. ఒక్కో పేరు చెబుతూ, పోయినవాళ్ళ దగ్గర ఒక క్షణం ఆగుతూ, కొడుకులు మంద అమ్ముకున్న వాళ్ళ దగ్గర కసురుకుంటూ, సంగటి చల్లారే వరకూ చెప్పింది. అరుదైన పేరు తగిలినప్పుడల్లా ఒకటో రెండో కొత్త ముక్కలు తేలాయి. నూట నలభయ్యో పేరు దగ్గర అవ్వ ఆగింది.

"ఇప్పుడు నేను. ముప్పై అయిదు. ఆ యేడే మీ తాత పోయినాడు. మొగోడి పేరు రాయాల, కొడుకు మంద యెనక రాకపోతే బావగారి పేరు రాస్తాననె వెంగయ్య. మంద తోలేది నేను, బావ పేరెందుకు అంటి. రాసినాడు. ఆ జాబితాలో సొంతంగా ఉన్న మొదటి ఆడమనిషిని నేనే."

లిఖిత ఆ వరస చూసింది. ముప్పై అయిదు. పక్కన మూడే సంఖ్యలు. పి, చ్చ, మ్మ. ఇంతకాలం అవ్వకు దొరికిన చోటు ఆ మూడు బైట్లే. వాటినే ఆ మహానుభావుడు అర్థం కాలేదని పారేశాడు. లిఖితకు ఏడుపొచ్చింది. సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని దాచుకుంది.

గురువారం ప్రోగ్రామ్ రాసింది. ఇగ్నోర్ అన్న మాట ఎక్కడా పెట్టలేదు. తెలీని బైటు ఎదురైతే ఆగి, ఏ వరసలో ఆగిందో చెప్పమని రాసింది. అది తొమ్మిది సార్లు ఆగింది. తొమ్మిది సార్లూ ఆమె అవ్వకు ఫోన్ చేసింది. పదోసారి ఆగకుండా చివరిదాకా పోయింది.

శుక్రవారం మధ్యాహ్నానికి సెంటర్ నిండా ఉదయగిరి జనమే. మెట్ల మీద కూడా కూర్చున్నారు. పెంచలనరసయ్య తొందరెక్కువ మనిషి గనక అందరికంటే ముందు వచ్చి ఏసీ కింద చోటు పట్టాడు. పిచ్చమ్మ పాత కుర్చీలోనే ఉంది. సురేంద్రబాబు గారు ఫైలు చూసి, "నేను చెప్పిన లాజిక్కే గదా" అన్నారు. నాలుగు గంటలకు ఫోటో కూడా దిగారు.

ఆరు వందల పదకొండు పేర్లు పోర్టల్లోకి ఎక్కాయి. మిగిలిన నలభై మూడింటి దగ్గర పోర్టల్ ఆగింది. రిజిస్టరు ప్రకారం గొర్రెల సంఖ్య ఎంతని అడిగింది. ఆ నలభై మూడు వరసల్లో ఆ గడి ఖాళీ. సబ్సిడీ తీసుకునే తొందరలో గొర్రెల్ని రాసుకోవడం మర్చిపోయారు కాబోలు.

"ఏదో ఒకటి కొట్టు లిఖితా. అందరికీ ఇరవై అని కొట్టు" అన్నారు సురేంద్రబాబు గారు, గొంతు తగ్గించి.

"తెలీనిది ఎట్టా కొడతా సార్? అడుగుదాం."

ఆయన వద్దనేలోపే ఆఫీసు ఫోన్ నుంచి శ్రీకృష్ణకు కలిపి, స్పీకరు నొక్కింది. నాలుగూ నలభై అయింది.

"మామయ్యగారూ, సురేంద్రబాబు సార్ ఆఫీసు నుంచి. మీ మందలో గొర్రెలెన్నండీ?"

"గొర్రెలా?" అవతల శ్రీకృష్ణ నవ్వు సెంటరంతా వినపడింది. "మాకు గొర్రెలేందమ్మా! మేం గొర్రెలు కాసేవాళ్ళమా? ఎవురికో చెయ్యబొయ్యి నాకు చేసినట్టుండావు, పెట్టెయ్."

మెట్ల మీది జనం కూడా తలలు లోపలికి పెట్టారు. లిఖిత ఆయన వరసలో సున్నా కొట్టింది. పోర్టల్ ఆ పేరును ఎర్రగా చేసి వెనక్కి నెట్టింది. తర్వాత ఆయన పెద్ద తమ్ముడికి ఫోన్ కలిపితే, ఆయనా అదే మాట అన్నాడు. మూడో ఫోన్ నుంచి అవతలి వాళ్ళు తియ్యడం మానేశారు, గడి ఖాళీగా ఉన్న ఆ వరసలూ ఎర్రగానే ఉండిపోయాయి. అయిదైంది. పోర్టల్ మూసుకుంది.

"రేపట్నించి నువ్వు రాబళ్ళేదు" అన్నారు సురేంద్రబాబు గారు. ఆ గుంపు ముందు అంతకంటే గట్టిగా అనలేకపోయారు.

"సరే సార్" అంది లిఖిత. బస్సు ఖర్చులు తప్పాయన్న సంతోషం తప్ప ఆమెకు ఇంకేమీ అనిపించలేదు. బ్యాగు సర్దుకుంటుంటే పిచ్చమ్మ లేచి తెర దగ్గరికి వచ్చింది.

"నా పేరు యాడుండాదే పాపా, చూపీ."

లిఖిత చూపించింది. పిచ్చమ్మ వేలు చాపి, తెరను తాకకుండా, ఆ మూడు అక్షరాల కింద గీత గీసినట్టు జరిపింది. తర్వాత కింద ఎర్రగా ఉన్న వరసల వైపు చూసింది.

"అయ్యెవురియి?"

"గొర్రెలు లేనివాళ్ళవి అవ్వా."

"వాళ్ళను అడిగే తీసేసినావా?"

"నువ్వు విన్నావు గదా. ఫోన్ చేసి అడిగినాను."

"అట్టా అడగాల" అంది పిచ్చమ్మ, సురేంద్రబాబు గారి వైపు తిరిగి. చెప్పులేసుకుని, ఉదయగిరి బస్సు కోసం మెట్లు దిగింది.